జీపు వెనక డోరుకు కట్టిన తాడు

నది గట్టు క్వార్టర్స్,
సోమవారం.

అత్తయ్యగారికి,

మీ తుంటి ఎముక బాగానే అతుక్కుంటోందని, కర్ర సాయంతో వరండా చివరిదాకా వెళ్ళొస్తున్నారని ఆడపడుచు రాసింది. డాక్టరు మెల్లగా నడవమంటే మీరు ఆయన్నే మెల్లగా మాట్లాడమన్నారట. చదివి మీ అబ్బాయీ నేనూ చాలాసేపు నవ్వుకున్నాం. నన్ను సాధించేవాళ్ళు లేక ఇక్కడ ఇల్లు చిన్నబోయింది.

నర్సమ్మ వచ్చి చూసింది. మాయ కిందికి ఉందట. ఇంట్లో చిన్నాచితకా పనులు చేసుకోవచ్చు గానీ ప్రయాణాలు వద్దంది. తొమ్మిదో నెల పడగానే మాత్రం అవతలి ఒడ్డు ఆసుపత్రికి చేరిపోవాలట. అదీ కూర్చోబెట్టి కాదు, పడుకోబెట్టి. మన రోడ్డు సంగతి మీకు నేను చెప్పేదేముంది. అందుకని జీపు వెనక పరుపు వేసి, మెల్లగా నది మీది చప్టా దాటించి తీసుకెళ్తానని మీ అబ్బాయి అన్నారు.

పడుకోవలసింది నేనే కదా అని ఆ వెనక భాగం శుభ్రం చేయడానికి పూనుకున్నాను. మామయ్యగారి కాలం నాటి మట్టంతా అక్కడే ఉంది. నీళ్ళు కొలిచే ఇనప గొట్టాలు ముందుకు దూసుకు రాకుండా ఆయన సీట్ల వెనక వెల్డింగ్ చేయించిన జాలీకి పట్టిన తుప్పు గోకాను. పక్కన కిటికీలకు కొట్టిన రేకులు తుడిచాను. డోరు లోపలి వైపు ఎప్పటిదో జిడ్డోడుతున్న తాడు ఒకటి వేలాడుతుంటే కోసి పారేశాను. అంతా అయ్యాక ఎంత బాగుందో అని మురిసిపోతూ డోరు దడేలున వేశాను.

అంతే. మళ్ళీ తెరుచుకోలేదు.

మీ అబ్బాయి వచ్చి హ్యాండిల్ తిప్పారు. బంపరు మీద కాలు పెట్టి, పళ్ళు బిగించి లాగారు. ఇప్పుడు హ్యాండిల్ ఎటు తిప్పినా ఊరికే తిరుగుతోంది. లోపల లాకు మాత్రం కదలదు. లోపలి నుంచి రేకు విప్పితే బాగు చేయొచ్చట, కానీ లోపలికి వెళ్ళాలంటే డోరు తెరవాలి. జాలీ వైపు నుంచి పిల్లి కూడా దూరదు. జాలీ కోసే వెల్డరు అవతలి ఒడ్డున ఉన్నాడు. చప్టా మీద నీళ్ళు తగ్గాక పిలిపిద్దాంలే అంటున్నారు ఈయన.

నాకెందుకో ఆ డోరు వంక చూస్తుంటే ఒకటే భయం. నేను లోపల పడుకున్నాక ఇలా బిగుసుకుంటే? రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆ జీపు గుణం మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇలా బిగిసినప్పుడు మామయ్యగారు ఏం చేసేవారు?

ఇక్కడ ఫోను పలకదు, వైర్‌లెస్‌లో నీటి మట్టం అంకెలు తప్ప ఇంకేమీ చెప్పనివ్వరు. ఈ ఉత్తరం రేషను లారీలో పంపుతున్నాను. మీ జవాబు కూడా దాంట్లోనే వస్తుంది.

మీ కోడలు


మీ ఆడపడుచు ఇల్లు,
శుక్రవారం.

కోడలు పిల్లకి,

నువ్వు ఏదైనా శుభ్రం చేశావంటే దాని పని అయిపోయిందనే లెక్క. నా మందుల డబ్బా సర్దినప్పుడే నాకీ సంగతి తెలిసింది. నెల రోజులు తలనొప్పి బిళ్ళకు బదులు అరుగుదల బిళ్ళ మింగాను. అయినా ఆ మట్టిలో పడుకోబెట్టి తీసుకెళ్ళే కంటే నయమేలే.

బంపరు మీద కాలు పెట్టి లాగాడా నా కొడుకు? అది డోరు అనుకున్నాడా, దున్నపోతు అనుకున్నాడా? వాళ్ళ నాన్న ఆ డోరును ఎప్పుడూ చిటికెన వేలితో తీసేవాడు. ఇకమీదట దాన్ని లాగవద్దని చెప్పు.

డోరుకు బయట నంబరు ప్లేటు ఉంది కదా. దాని బోల్టులు విప్పమను. ప్లేటు వెనక రేకులో అరచెయ్యి పట్టేంత బెజ్జం ఉంటుంది. అది కంపెనీ వాళ్ళు పెట్టింది కాదు, మీ మామయ్య ఉలి పెట్టి కోసింది. అంచులు గరుకుగా ఉంటాయి, చేతికి గుడ్డ చుట్టుకోమను. లోపల చెయ్యి పెట్టి పైకి తడిమితే ఒక కడ్డీ తగులుతుంది. హ్యాండిల్‌కూ లాకుకూ మధ్య ఉండేది అదే. హ్యాండిల్ ఊరికే తిరుగుతోందంటే కడ్డీ చివరి కొక్కెం ఊడి ఉంటుంది. దాని సంగతి తర్వాత. ముందు కడ్డీ కింద చిన్న రెక్కలాంటిది ఉంటుంది. దాన్ని బొటనవేలితో పైకి ఎత్తితే లాకు నాలుక వెనక్కి పోయి డోరు తెరుచుకుంటుంది.

ఇంతకీ నువ్వు కోసింది ఏ తాడు? నల్లగా, వేలు లావున, కొసన ముడి ఉన్నదేనా? ఎంత పైకి కోశావు? మిగిలిన ముక్క బయటే ఉందా, డోరు లోపలికి జారిపోయిందా? వెంటనే రాయి.

ఇంకో మాట. డోరు తెరుచుకున్నా సరే, నేను చెప్పేదాకా ఎవరూ లోపల ఉండి దాన్ని వెయ్యకండి. నువ్వే కాదు, వాడూ వెయ్యకూడదు. ఎందుకని అడగకు. ఈ ఒక్కసారికి నా మాట విను.

అత్తయ్య


నది గట్టు క్వార్టర్స్,
గురువారం.

అత్తయ్యగారికి,

ప్లేటు విప్పితే మీరన్నట్టే బెజ్జం ఉంది. మీ అబ్బాయి నోరు వెళ్ళబెట్టారు. ఇన్నేళ్ళు ఆ ప్లేటు తుడుస్తున్నా దాని వెనక ఏముందో తెలియలేదట. ఆయన చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. చివరికి నా చెయ్యే పట్టింది. గుడ్డ చుట్టుకుని, చెంప డోరుకు ఆనించి తడుముతుంటే కడ్డీ దొరికింది. దానికి ఏదో మెత్తగా చుట్టుకుని ఉంది. నేను కోసిన తాడే అత్తయ్యా. మిగిలిన ముక్క లోపలికి జారి, నేను డోరు వేసిన అదురుకు రెక్క కింద ఇరుక్కుపోయింది. ఆయన గ్రీజు తేవడానికి వెళ్ళినప్పుడు తలపిన్నుతో కొద్దికొద్దిగా పీకి తీశాను. మీరన్న నల్ల తాడు అదే. రెక్క ఎత్తగానే డోరు తెరుచుకుంది. ఆ క్షణంలో నా అంత పనిమంతురాలు లేదనుకున్నాను.

కానీ సంగతి అక్కడితో అయిపోలేదు.

మీ అబ్బాయి కడ్డీ కొక్కెం తగిలించి, గ్రీజు పెట్టి, ఇక దీనికి తిరుగులేదన్నారు. లోపల వెయ్యవద్దని మీరు రాసింది చదివి వినిపించాను. అమ్మకు అన్నీ భయాలే అన్నారు. పరీక్ష చేద్దామని లోపల కూర్చుని నన్ను డోరు వెయ్యమన్నారు. వేశాను. ఇప్పుడు హ్యాండిల్ తిప్పమన్నారు. తిప్పాను. తెరుచుకోలేదు.

మొదట నవ్వారు. తర్వాత లోపల చప్పుడు మారింది. ముందు సీటు వైపు పరుగెత్తి జాలీలోంచి చూశాను. డోరు లోపలి వైపు, కుడి పక్కన, చేత్తో రేకంతా తడుముతున్నారు. అక్కడ ఏదో ఉండాల్సినట్టు, అది కనబడనట్టు. నది పొంగినప్పుడు నడుముకు మోకు కట్టుకుని దిగి మట్టం చూసి వచ్చే మనిషి. అలాంటి మనిషి మొహంలో రక్తం లేదు. "తియ్యి, తియ్యి" అన్నారు. నేను బెజ్జంలో చెయ్యి పెట్టి తీసేసరికి మోచెయ్యి దాకా గీరుకుపోయింది.

దిగి, "ఇక్కడి తాడేది?" అని ఒక్కటే అడిగారు. కోసి పారేశానని చెప్పాను. గట్టు మీదికి వెళ్ళి చాలాసేపు కూర్చున్నారు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. తాడు ముక్క కోసినందుకు ఇంత కోపమా అని నాకు ఏడుపొచ్చింది.

మీ ఉత్తరం మొదటి పేజీలో ఎప్పటిలాగే ఉన్నారు. రెండో పేజీలో ఒక్క వెటకారం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ బెజ్జం ఎందుకు కోశారు? ఆ తాడు ఎందుకు కట్టారు? ఆ జీపులో ఏం జరిగింది అత్తయ్యా?

ఇంకొకటి మీకు మాత్రమే చెబుతున్నాను. మొన్న కొద్దిగా రక్తం కనిపించింది. దానంతట అదే ఆగిపోయింది. నర్సమ్మకు కబురు పెట్టాను. మీ అబ్బాయికి చెప్పలేదు. ఆయన ఇప్పుడే ఇలా ఉన్నారు, ఇది కూడా తెలిస్తే ఏమైపోతారోనని. వానలు ముందే మొదలయ్యాయి. అమ్మ లేనిదాన్ని. ఎవరికి చెప్పుకోను, మీకు తప్ప?

మీ కోడలు


మీ ఆడపడుచు ఇల్లు,
ఆదివారం.

అమ్మాయీ,

రక్తం సంగతి వాడికి ఈ రోజే చెప్పు. ఉత్తరం పక్కన పెట్టి, చెప్పి వచ్చి, మిగతాది చదువు. దాచిపెడితే భయం పెరుగుతుందే గానీ తరగదు. నా అనుభవంతో చెబుతున్నాను.

చెప్పావు కదా? సరే, విను.

నా పెళ్ళైన కొత్తలో ఆ జీపు కూడా కొత్తది. ఆ ఏడు వానల్లో నాకు నొప్పులు ముందే వచ్చాయి. మీ మామయ్య వెనక దుప్పట్లు పరిచి, నన్ను పడుకోబెట్టి, డోరు వేసి బయల్దేరాడు. చప్టా సగం దాటాక ఇంజను ఆగిపోయింది. నీళ్ళు చక్రాల్లో సగానికి ఉన్నాయి. నాకు ఊపిరాడటం లేదు, డోరు తియ్యమని అరిచాను. ఆయన నీళ్ళలో దిగి వచ్చి హ్యాండిల్ తిప్పాడు. లాకులో ఇసుక చేరింది. తెరుచుకోలేదు. జాకీ రాడ్డుతో కొట్టాడు. లోపలి వైపు నుంచి తియ్యడానికి హ్యాండిల్ లేదు, సామాను వేసుకునే చోటికి లోపల హ్యాండిల్ ఎందుకని పెట్టలేదు. చివరికి ముందు సీట్లోకి వచ్చి జాలీలోంచి వేళ్ళు లోపలికి పెట్టాడు. వేళ్ళు మాత్రమే పట్టాయి. వాటినే పట్టుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. మెడకు పేగు చుట్టుకుందని నాకు తెలుస్తూనే ఉంది. లేవలేకపోయాను. పక్కన ఒక్క మనిషి ఉన్నా విప్పేవాళ్ళు. మీ మామయ్య అర గజం దూరంలో ఉన్నాడు, అంతా చూస్తున్నాడు, ఏమీ చెయ్యలేడు. పిల్ల ఏడవలేదు. ట్రాక్టరు వచ్చి అవతలికి లాగాక గడ్డపార పెట్టి డోరు పగలగొట్టారు.

ఆ తర్వాత ఆయన కొత్త లాకు వేయించి, బయటి నుంచి ఒకటి, లోపలి నుంచి ఒకటి, రెండు దారులు పెట్టాడు. బయటికి బెజ్జం, లోపలికి తాడు. నేను చచ్చినా ఇక ఆ వెనక ఎక్కనన్నాను. ఆయన బతిమాలి పడుకోబెట్టి, చెయ్యి చాపమన్నాడు. నా వేళ్ళు ఎక్కడ అందాయో అక్కడ తాడుకు ముడి వేశాడు. డోరు వేసి బయట నిలబడి, "నువ్వే తీసుకో" అన్నాడు. తీశాను. మళ్ళీ వేశాడు, మళ్ళీ తీశాను. నా ఏడుపు ఆగేదాకా అలా తీయిస్తూనే ఉన్నాడు. తర్వాత కాన్పుకు ఆ తాడు పిడికిట్లో పట్టుకునే వెళ్ళి నీ మొగుణ్ణి కన్నాను.

ఆయనకు ఎన్నిసార్లు బదిలీ వచ్చినా వద్దన్నాడు. ఆఫీసు వాళ్ళు నది మీద ప్రేమ అనుకున్నారు. పిల్లను మట్టిలో పెట్టింది ఆ గట్టు మీదే, నీటి మట్టం చూసే రాయి పక్కన. అందుకు.

నా కొడుక్కి ఇదేదీ తెలియదు. తనే మొదటివాణ్ణని అనుకుంటున్నాడు. అలాగే ఉండనీ. తాడు కోసినందుకు నువ్వు కుమిలిపోకు. అదెందుకు కట్టామో చెప్పనిదాన్ని నేను. చెప్పాలంటే ఇదంతా చెప్పాలి కదా, నోరు రాలేదు.

ఇప్పుడు పని చూడు. వాడు కాలు పెట్టి లాగినప్పుడు డోరు కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. అందుకే నాలుక దాని గాడిలో సరిగ్గా కూర్చోవడం లేదు. నాలుకకు సుద్ద రాసి, డోరు మెల్లగా ఆనించి తెరిస్తే, గాడిలో సుద్ద ఎక్కడ అంటిందో కనబడుతుంది. కింది అంచుకు అంటితే, పై మడతబందు బోల్టులు వదులు చేసి, డోరు కింద కర్ర పెట్టి ఎత్తి, మళ్ళీ బిగించమను. సుద్ద గాడి మధ్యలో అంటేదాకా అలా చెయ్యాలి. మీ మామయ్య అలాగే చేసేవాడు.

తాడు చేపల వల అల్లేదే కావాలి. నైలాను జారిపోతుంది, నూలు కుళ్ళిపోతుంది. కడ్డీకి కాదు, సూటిగా రెక్కకే కట్టాలి. నువ్వు నాకంటే జానెడు పొట్టి. నా కొలత నీకు పనికిరాదు. పరుపు మీద పడుకుని, నీ చెయ్యి చాపి, నీకు అందేచోట ముడి వేయించుకో. తర్వాత నేను చేసినట్టే వేసి, తీసి, వేసి, తీసి చూడు.

నాకు చాలా భయంగా ఉందమ్మా. ఈ కాలు ఒకటి నన్ను ఇక్కడ కట్టిపడేసింది.

అత్తయ్య


నది గట్టు క్వార్టర్స్,
బుధవారం.

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం చదివాను. గట్టు మీద మట్టం రాయి పక్కన మీరు రోజూ సాయంత్రం ఎందుకు ఆగేవారో, నేను పిలిచినా ఎందుకు పలికేవారు కాదో ఇప్పుడు తెలిసింది. నేనేమో మీకు వినిపించడం లేదనుకుని ఇంకా గట్టిగా కేకేసేదాన్ని.

రక్తం సంగతి మీ అబ్బాయికి చెప్పాను. ఆయన గబగబా వెళ్ళి జీపు దగ్గర పని మొదలుపెట్టారు. సుద్ద సంగతి చెప్తే అలాగే చేశారు. మూడో ప్రయత్నానికి గాడి మధ్యలో తెల్లగా అంటింది. డోరు ఇప్పుడు మెత్తగా పడుతోంది.

తాడు గురించి నేను ఇంకా నోరు విప్పలేదు. జాలరి దగ్గరికి వెళ్ళి వల తాడు ఆయనే తెచ్చారు. పరుపు పరిచి నన్ను పడుకోమన్నారు, చెయ్యి చాపమన్నారు. నా వేళ్ళు అందినచోట ముడి వేసి, "గట్టిగా పట్టుకుని చూడు" అన్నారు. మీ ఉత్తరం ఆయనకు చూపించలేదు. ఒట్టు. ఇదంతా ఆయనకెలా తెలుసో నాకు అర్థం కావడం లేదు. అడగాలంటే భయం వేసింది.

డోరు వేసి ఆయన బయట నిలబడ్డారు. లోపల చీకటి. నా ఊపిరి నాకే వినబడుతోంది. మీరు ఇక్కడే పడుకున్నారని, ఈ జాలీలోంచే మామయ్యగారి వేళ్ళు పట్టుకున్నారని గుర్తొచ్చింది. తాడు లాగాను. తెరుచుకుంది. ఆయన మళ్ళీ వేశారు. నేను మళ్ళీ తీశాను.

మట్టం పెరుగుతోంది. తొమ్మిదో నెల రాకుండానే బయల్దేరిపోవడం మంచిదని నర్సమ్మ కూడా అంటోంది. చప్టా మీద నీళ్ళు కాస్త తీయగానే వెళ్తాం. ఈ ఉత్తరం తీసుకెళ్ళే రేషను లారీ తిరిగి వచ్చేటప్పుడు అవతలి ఒడ్డున మా కోసం ఆగుతానన్నాడు డ్రైవరు. నాకు చావంటే భయం లేదు అత్తయ్యా, ఇది నిజం కాదు, చాలా భయం ఉంది. ఎందుకు అబద్ధం రాయడం.

మీ కోడలు


మీ ఆడపడుచు ఇల్లు,
శనివారం.

అమ్మాయీ,

ఈ ఉత్తరం ఎక్కడికి రాయాలో తెలియక ఆసుపత్రి అడ్రసుకు రాస్తున్నాను. మీరు అక్కడ ఉంటే అందుతుంది. లేకపోతే ఎవరికీ అందకపోయినా ఫర్వాలేదు.

పైన ఆనకట్ట గేట్లు ఎత్తారని రేడియోలో చెప్పారు. మీ ఆడపడుచు ఆసుపత్రికి ఫోను చేస్తూనే ఉంది, లైను కలవడం లేదు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవరు వీధిలో వేగంగా నడిచినా మన ఇంటికే వస్తున్నారేమో అనిపిస్తోంది. పొద్దున పోస్టుమాన్ గేటు దాటి వెళ్ళిపోతే కోపం వచ్చింది, మరుక్షణం బతికిపోయాననిపించింది.

నేనెందుకు అదంతా నీకు రాశాను? కడుపుతో ఉన్నదానికి రాయవలసిన సంగతా అది? రాయకపోతే తాడు కట్టుకునేదానివి కాదేమోనని రాశాను. రాసి నిన్ను భయపెట్టానేమోనని ఇప్పుడు కొట్టుకుంటున్నాను.

నాకు ఏ వెటకారమూ తోచడం లేదు. ఒక్క ముక్క రాయించు. బతికే ఉన్నాం అని రాయిస్తే చాలు.

అత్తయ్య


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
మంగళవారం.

అత్తయ్యగారికి,

బతికే ఉన్నాం. ముగ్గురం.

ఆడపిల్ల. చిన్నది, ఇంకో నెల లోపల ఉండాల్సింది కదా, అందుకని అద్దాల పెట్టెలో పెట్టారు. కానీ ఏడుస్తోంది అత్తయ్యా. ఎంత గట్టిగా ఏడుస్తోందంటే పక్క వార్డు వాళ్ళు ఫిర్యాదు చేశారు. నాకు ఆపరేషను చేసి గండం గట్టెక్కించారు. కూర్చుని రాయడం ఈ రోజే మొదలు. మీ ఉత్తరం నా తలగడ కింద ఉంది.

మేం బయల్దేరిన పొద్దున చప్టా మీద నీళ్ళు తక్కువగానే ఉన్నాయి. నాకు మళ్ళీ రక్తం కనిపించింది, ఆగే వీలు లేదు. సగం దాటాక పైనుంచి నీళ్ళు ఒక్కసారిగా పెరిగాయి. జీపు వెనక భాగం పక్కకు కొట్టుకుపోయి దిగువకు తిరిగింది. ఒక చక్రం చప్టా అంచు దిగింది. ఇంజను ఆగింది. అచ్చం మీరు రాసినట్టే. ఆ ఉత్తరంలోకి నేను వెళ్ళి పడ్డానేమో అనిపించింది.

లారీ డ్రైవరు అవతలి ఒడ్డు నుంచి మోకు విసిరాడు. అది ముందు కొక్కేనికి తగిలించడానికి మీ అబ్బాయి దిగారు. దిగేముందు జాలీ దగ్గరికి వచ్చారు. వేళ్ళు లోపలికి పెట్టలేదు. నేను పెడతారేమోనని చూశాను. నా కళ్ళలోకి చూసి, "తాడు నీ చేతిలో ఉందిగా" అన్నారు. ఉందన్నాను.

ఆయన దిగాక పరుపు కింద చల్లగా తగిలింది. నేలరేకు సందుల్లోంచి నీళ్ళు వస్తున్నాయి. జీపు కొద్దికొద్దిగా జరుగుతున్నట్టు నడుముకు తెలుస్తోంది. ఆయన పిలుపు వినబడటం లేదు, నీళ్ళ హోరు తప్ప. ఆయన కొట్టుకుపోయారేమో అనుకున్నాను. అప్పుడు పట్టింది నన్ను అసలు భయం. కాళ్ళు చేతులు నావి కావు. అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు. మీరు ఏడుస్తూ ఏడుస్తూ లాగిన సంగతి గుర్తొచ్చింది. భయం పోయాకే లాగాలని రూలేం లేదు కదా అనిపించింది. లాగాను.

రాలేదు. జీపు ఒక పక్కకు ఒరగడంతో డోరు పట్టేసింది. తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, ఒక కాలు డోరుకు తన్నిపెట్టి మళ్ళీ లాగాను. టక్కున చప్పుడైంది. డోరు దానంతట అదే తెరుచుకుపోయింది. దిగువ వైపు కాబట్టి నీళ్ళు దాన్ని అడ్డుకోలేదు. వెలుతురు కనబడింది. ఆ వెలుతుర్లో మోకు పట్టుకుని వస్తూ మీ అబ్బాయి కనబడ్డారు. ఆయనా, లారీ క్లీనరూ నన్ను పరుపుతో సహా మోసుకుపోయారు. మేం ఒడ్డుకు చేరాక జీపు ఇంకో గజం కిందికి జారింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, నేను చూశాను.

ఆసుపత్రిలో నా పిడికిలి విప్పడానికి ఇద్దరు పట్టారు. తాడు కొస ఇంకా అందులోనే ఉంది. ఎక్కడ తెంపుకున్నానో నాకే తెలియదు.

ఇప్పుడు అసలు మాట. పాపను చూసి వచ్చాక మీ అబ్బాయి నా మంచం పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చారు. ఆయనకు తెలుసు అత్తయ్యా. మామయ్యగారు జీపు తాళాలు చేతికిచ్చిన రోజునే చెప్పారట. ఈ తాడు పాతబడితే కొత్తది కట్టు, ఎందుకు కట్టానో నీకు తెలుసని మాత్రం మీ అమ్మకు తెలియనివ్వకు, తట్టుకోలేదు అన్నారట. ఆ రోజు లోపల బిగుసుకుపోయినప్పుడు ఆయన తడిమింది ఆ తాడు కోసమే. నా మీద కోపం కాదట. తనకు అక్క ఉండేదని, ఆమె చివరిసారి ఉన్నది అక్కడేనని ఒక్కసారిగా మీద పడిందట. మట్టం చూసే ప్రతి పొద్దునా ఆ రాయికి దండం పెట్టుకునే దిగుతారట. నేను నీళ్ళకు దండం అనుకునేదాన్ని.

నాకు తెలుసని అమ్మకు రాయి, ఇంక నేను మొయ్యలేను అన్నారు. రాశాను.

జీపును ట్రాక్టరుతో లాగించి ఇక్కడి షెడ్డులో పెట్టారు. జాలీ మొత్తం కోయించేశారు. ఇప్పుడు ముందు సీట్లోంచి వెనక్కి చెయ్యి చాపితే మనిషి అందుతుంది. మెకానిక్కు ఇక తాడుతో పనేముందని మిగిలిన ముక్క కూడా పీకబోతే మీ అబ్బాయి ఆపారు. మళ్ళీ అదే కొలతకు కొత్తది కట్టారు.

మీ కోడలు


మీ ఆడపడుచు ఇల్లు,
ఆదివారం.

తల్లీ,

నీ ఉత్తరం మీ ఆడపడుచు చదివి వినిపించింది. దానికి కూడా ఇప్పుడే తెలిసింది. చదువుతూ మధ్యలో ఆగిపోతే మిగతాది నేనే లాక్కుని చదివాను.

మీ మామయ్య ఎంత దొంగమనిషి! నాకు చెప్పకుండా వాడికి చెప్పాడు. నేను వాడికి తెలియకూడదని ఆ రాయి దగ్గర ఏడుపు మింగుకుని నిలబడేదాన్ని. వాడు నాకు తెలియకూడదని దండం పెట్టుకుని నీళ్ళలో దిగేవాడు. ఒకే ఇంట్లో ఉండి, ఒకే రాయి దగ్గర ఇన్నేళ్ళు ఒకళ్ళనొకళ్ళం తప్పించుకు తిరిగాం. నాకు నవ్వూ వస్తోంది, ఏడుపూ ఆగడం లేదు. వాడితో చెప్పు, అక్కకు పేరు పెట్టలేదు, పెట్టేంత వ్యవధి లేదు. నేను మాత్రం మనసులో బంగారీ అని పిలుచుకుంటాను. వాడూ అలాగే పిలవొచ్చు.

పాప ఏడుస్తోందని ఫిర్యాదు చేసినవాళ్ళ మాట పట్టించుకోకు. ఏడవనీ.

కర్ర లేకుండా గేటుదాకా నడిచాను. డాక్టరు ఇంకో నెల అంటున్నాడు, నేను పదిహేను రోజులంటున్నాను, ఎవరి మాట నెగ్గుతుందో నీకు తెలుసు. నన్ను తీసుకెళ్ళడానికి జీపులోనే రండి. నీ మొగుడు పుట్టిన తర్వాత నేను ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చున్నాను, వెనక అడుగు పెట్టలేదు. ఈసారి వెనక కూర్చుంటాను. భయం వేస్తుంది, వెయ్యనీ. తాడు నీ కొలతకు కట్టిందే కదా, పొట్టిదానివి, నీకు అందింది నాకు ఎలాగూ అందుతుంది.

పాపను నా ఒళ్ళో పెట్టి, డోరు నువ్వే వెయ్యి.

అత్తయ్య